అక్క దాచిన సగం మాట

ఆసుపత్రిలో ఆమెని అందరూ కుట్టు సిస్టర్ అనేవాళ్లు. చర్చిలో ఆడవాళ్లంతా సిస్టర్లే కాబట్టి అక్కడా సిస్టరే. ఇంట్లో చెల్లెలు "అక్కా" అని పిలిచేది. "ఎక్కడికెళ్లినా నీకు ఇదొక్కటే పదవి. ప్రమోషన్ రాదు, రిటైర్‌మెంట్ లేదు" అని ఎగతాళి కూడా చేసేది. ఆ పిల్ల నోటికి తాళం ఉండేది కాదు. నడుం కిందంతా చచ్చుబడిపోయాక, ఆ కదలికంతా నాలుకలోకి వచ్చి చేరిందా అనిపించేది.

అక్క పనిచేసే కుట్టుగది ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల వెనక ఉండేది. ఏ కాలమైనా అక్కడ ఆవిరి వాసనే. ఉన్నది ఒక్క కిటికీ. అది రోడ్డుకి సమానంగా ఉండటంతో బయట నడిచేవాళ్ల పాదాలు తప్ప ముఖాలు కనిపించేవి కావు. ఆ గదిలో మూడు మిషన్లు, గుట్టలుగా చిరిగిన దుప్పట్లు. దుప్పటి ఎప్పుడూ మనిషి పడుకునే చోటే అరుగుతుంది. అంచులు కొత్తవాటిలా ఉంటాయి, నడుమ మాత్రం జల్లెడ. అక్క దాన్ని నిలువునా రెండుగా చీల్చి, గట్టిగా ఉన్న అంచుల్ని నడిమికి తెచ్చి కలిపి కుట్టేది. చూడ్డానికి అతుకులా ఉన్నా ఇంకో రెండేళ్లు వచ్చేది. రోగుల గౌన్లకి నాడాలు వెయ్యడం ఇంకో పని. భయంతో లాగి లాగి వాటిని రోజూ ఎవరో ఒకరు తెంపుతూనే ఉండేవాళ్లు. ఇరవై ఏడేళ్లు ఆమె చేసిన పని ఇదే.

చెల్లెలికి ఇరవై మూడేళ్లప్పుడు, వానలో జారిన బస్సు ఆమె వెన్ను విరిచింది. అప్పటికి అక్కకి ఇరవై తొమ్మిది. నాన్న లేడు. అమ్మ ఆ తరవాత నాలుగేళ్లు మంచం పక్కనే కూచుని, కూచుని, ఒకరోజు మధ్యాహ్నం తనే పడిపోయింది. "చెల్లిని వదలొద్దని తల్లి మాట తీసుకుని కన్నుమూసింది" అని చర్చిలో చెప్పుకునేవాళ్లు. నిజానికి అమ్మ ఆఖరిగా అన్నది, "ఆ కిటికీ వెయ్యి, ఎండ కొడుతోంది" అని. అక్క ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. జనం కల్పించింది అసలుదానికన్నా బాగుంది మరి.

మొదట్లో స్వస్థత సభలకి తిరిగారు. ఒక సభలో పెద్ద బోధకుడు వేదిక మీదినుంచి వేలు చూపించి, "లే, నడువు!" అని అరిచాడు. ఇద్దరు మనుషులు చెల్లెల్ని కుర్చీలోంచి పైకెత్తి వదిలేశారు. కుప్పకూలిపోయింది. ముక్కు పగిలింది. బోధకుడు పక్క వరసకి వెళ్లిపోయాడు. పక్కనున్నావిడ అక్క చెవిలో, "విశ్వాసం కొంచెం తక్కువైనట్టుంది" అంది. ఆటోలో ఇంటికి వస్తూ చెల్లెలు ముక్కుకి గుడ్డ అదుముకుని, "నా విశ్వాసం కాళ్లలో లేదు కాబోలు అక్కా" అంది. నవ్వింది కూడా. ఆ రోజు తరవాత ఆమె కాళ్ల గురించి దేవుణ్ణి అడగలేదు.

అక్క మాత్రం మానలేదు. పొద్దున్నే చెల్లెల్ని పక్కకి తిప్పి, వీపు తుడిచి, మూత్రం గొట్టం సరిచేసి, దుప్పటి మార్చి, అప్పుడు మంచం కోడు పట్టుకుని పైకే ప్రార్థించేది. "ప్రభువా, నా చెల్లిని లేపు." ఎన్నో ఏళ్లు అదే మాట. ఎప్పట్నుంచో తెలియదు, ఆ మాట అన్నాక లోపల ఇంకో మాట రావడం మొదలైంది. లేపకపోతే తీసుకుపో.  మొదటిసారి అది తన మాటేనని తెలిసిన రోజు కుట్టుగదిలో సూది వేలిలోకి దిగింది. మర్నాడు మళ్లీ అదే మాట వచ్చింది. రాకుండా ఆపడానికి "లేపు" అన్నాక కాసేపు పెదవులు బిగించి నిలబడేది. పెదవులు బిగిస్తే మనసు ఆగుతుందా?

ఆమె అడిగేది ఏమంత పెద్ద కోరిక కాదు. ఒక గది. అందులో మందుల వాసన ఉండకూడదు. పని నుంచి వచ్చి చెప్పులు విప్పి, ఎవరూ పిలవకుండా ఒక గంట కూచోవాలి. అంతే. ఆ కోరిక గురించి ఆమె ప్రార్థనలో ఎన్నడూ ఎత్తలేదు. దేవుడి ముందు అంత చిన్న సంగతి, అంత చెడ్డ సంగతి ఎలా పెడతారు?

అక్కకి నలభై నాలుగో ఏట మాస్టారు వచ్చాడు. చర్చిలో హార్మోనియం వాయించేవాడు కాబట్టి అందరూ మాస్టారు అనేవాళ్లు. బతుకుతెరువు మాత్రం కుర్చీలు, సోఫాలు బాగుచెయ్యడం. భార్య పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. పాస్టరుగారు నెలకోసారి చెల్లెలికి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి ఇంటికి వచ్చేటప్పుడు, పాట పాడటానికి మాస్టారు కూడా వచ్చేవాడు. ఒకసారి చెల్లెలు పడుకునే పరుపు చూసి, "ఇది ఒక పక్కకి కుంగిపోయిందండీ" అన్నాడు. మర్నాడే వచ్చి విప్పి, దూది ఏకి, మళ్లీ నింపి కుట్టాడు. అక్క దారం అందించింది. ఇద్దరూ సూది మనుషులే. కుట్ల గురించి మాట్లాడుకున్నారు.

"మీ టాకా పొడుగ్గా ఉంటుంది," అంది అక్క.

"సోఫాకి అంతేనండి. మీరు దుప్పట్లకి వేసినట్టు వేస్తే నా జీవితకాలంలో ఒక్క సోఫా తెమలదు."

చెల్లెలు మంచం మీంచి, "ఈ వరసన మీ ఇద్దరూ మాట్లాడుకుంటే నా జీవితకాలంలో పరుపు తెమలదు" అంది.

అక్క ఆ రోజు నవ్వింది. ఆ నవ్వు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

ఏడాది గడిచాక, చర్చి మెట్ల దగ్గర మాస్టారు ఆమెని ఆపి అడిగాడు. తిప్పి తిప్పి చెప్పడం ఆయనకి రాదు. "మనం పెళ్లి చేసుకుందామా? నా ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది. గడప తీయించేస్తే కుర్చీ బండి సులువుగా తిరుగుతుంది. ముగ్గురం ఉందాం. మీ చెల్లెలు లేకుండా మిమ్మల్ని రమ్మని అడగను. అడిగితే మీరు రారు, నాకు తెలుసు."

ఆయన ఎంత మంచి మాట అన్నాడు!  ఆ ఇల్లు ఆమె కళ్ల ముందు కనిపించింది. కింద గదిలో అదే మంచం, అదే గొట్టం, అదే పిలుపు. ఆయన "ముగ్గురం" అనకుండా ఉంటే బాగుండునని, చెల్లెల్ని ఏ ఆశ్రమంలోనో చేర్పిద్దామని ఆయనే అంటే తను ఏడ్చి, కాదని, చివరికి ఒప్పుకునేదాన్నని ఆ మెట్ల మీదే తెలిసింది. తన లోపల అలాంటి మనిషి ఉందని తెలిశాక ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

"ఆలోచించుకోవాలండి," అంది. మూడు నెలలు ఆలోచించి, వద్దంది. ఎందుకని ఆయన అడిగితే, "నా వల్ల కాదు" అని మాత్రం చెప్పింది.

ఇంట్లో చెల్లెలు ఊరుకోలేదు. "మాస్టారు నిన్ను అడిగాడా, లేదా? పక్కింటి పిన్నిగారికి కూడా తెలిసిపోయింది, నాకే తెలియదు."

"అడిగాడు. వద్దన్నాను."

"ఎందుకని?"

అక్క అన్నం కలుపుతోంది. తల ఎత్తలేదు. "మంచాన ఉన్న మనిషితో కుదరదన్నాడు. నిన్ను వదిలి ఎక్కడికి పోతాను?"

నోటినుంచి వచ్చేసింది. అడిగాడన్న సగం నిజం, మిగతా సగం పచ్చి అబద్ధం. తరవాత సరిదిద్దుకోవచ్చులే అనుకుంది. కానీ చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పదహారేళ్లలో అక్క ఆ కళ్లలో నీళ్లు చూడలేదు, ముక్కు పగిలిన రోజు కూడా.

ఆ నెల ప్రభువు బల్లకి పాస్టరుగారు ఒక్కడే వచ్చాడు. చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకుని, అక్క తన కోసం ఏం వదులుకుందో చెప్పింది. పాస్టరుగారు పేరు ఎత్తకుండా ఆదివారం ప్రసంగంలో చెప్పాడు. పేరు ఎత్తకపోతే ఎవరికి తెలియదు? అందరూ అక్క వైపు తిరిగి చూశారు. తరవాత హార్మోనియం వైపు చూశారు. మాస్టారు హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టుకుని అలాగే కూచున్నాడు.  ఆ రోజునుంచి చర్చిలో ఆయనతో మాటలు తగ్గాయి. "రోగిష్ఠి పిల్ల బరువని వద్దన్నాడట, పైకి పాటలు మాత్రం ఎంత భక్తిగా వాయిస్తాడో" అని ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవాళ్లు. అక్కని స్త్రీల సమాజానికి పెద్దని చేశారు.

ఇంట్లో చెల్లెలు మారిపోయింది. ఎగతాళి మానేసింది. దాహమేసినా పిలిచేది కాదు. పక్కకి తిప్పమని అడగక అడగక, నడుం కింద పుండు పడి ఎముకదాకా పోయింది. డాక్టరు అక్కని కోప్పడ్డాడు. ఇంటికొచ్చి అక్క, "ఎందుకు పిలవలేదే?" అని గట్టిగా అడిగింది.

"నీకు ఎంతని పని పెట్టను," అంది చెల్లెలు. ఆ మాట అక్కకి పుండు మీద కారంలా తగిలింది. అప్పుడైనా నిజం చెప్పాలనుకుంది. పుండుకి కట్టు మార్చి లేచిపోయింది.

ఆరు నెలలకి, ఎందుకో ఏమో, చెల్లెలు ఉన్నట్టుండి మళ్లీ మామూలైపోయింది. "అక్కా, వీపు తిప్పు. అక్కా, ఈ చారు నువ్వే పెట్టావా, పక్కింటివాళ్లు పారబోస్తే తెచ్చావా?" అంటూ పాత నోరు తెరిచింది. మరిచిపోయింది కాబోలని అక్క ఊపిరి పీల్చుకుంది. మరుసటి ఏడాది మాస్టారు వేరే ఆవిడని చేసుకున్నాడు. ఒక బడి టీచరు. ఆవిడ రెండో వరసలో కూచునేది. అక్క మూడో వరసలో. పదేళ్లు ప్రతి ఆదివారం ఆ వీపు చూస్తూ అక్క పాటలు పాడింది.

చెల్లెలికి యాభై ఒకటో ఏట కిడ్నీలు పాడయ్యాయి. అక్క పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. మూడో అంతస్తులో వార్డు, నేలమాళిగలో కుట్టుగది. మధ్యాహ్నం భోజనం వేళ అక్క పైకి వచ్చి కూచునేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు, "ఈ దుప్పటి ఎవరు కుట్టారోగానీ, నడిమి కుట్టు భుజాల మధ్య గుచ్చుకుంటోంది" అంది.

"నేనే."

"అనుకున్నాలే." కాసేపు కళ్లు మూసుకుంది. తెరవకుండానే, "అక్కా, మాస్టారు నన్ను కూడా రమ్మన్నాడు కదా?" అంది.

వార్డులో ఎవరిదో ట్రాలీ కిర్రుమంటూ పోయింది. 

"ఎవరు చెప్పారు?"

"ఆయనే. నువ్వు వద్దన్న ఆర్నెల్లకి, నువ్వు పనిలో ఉన్నప్పుడు వచ్చాడు. పిన్నిగారు తలుపు తీసింది. 'మీరైనా ఒకసారి చెప్పి చూడండి, గడప కూడా తీయించేశాను' అన్నాడు పాపం. నాకు నోట మాట రాలేదు. నాకే!"

"పదకొండేళ్లు... ఒక్క మాట అడగలేదేం?"

"అడిగితే ఏం చేసేదానివి? సిగ్గుపడి ఆయన్ని చేసుకుని లోపల్లోపల నన్ను తిట్టుకునేదానివి, కాదంటే సిగ్గుపడి నన్నొదిలి పోయేదానివి. ఎటైనా నువ్వు నాకు దక్కవు." చెల్లెలు కళ్లు తెరిచింది. "నీకు నేను లేని ఇల్లు కావాలి. నాకు నువ్వున్న ఇల్లు కావాలి. నా కోరికే తీరింది. నువ్వు అబద్ధం ఆడావు, నేను నోరు మూసుకున్నాను. ఇందులో చెరి సగం."

అక్క ఏడుస్తోంది. "నేను ఇంకా చెడ్డ మాట అనుకున్నానే. ప్రార్థనలో..."

"తెలుసు. లేపు అన్నాక ఆగేదానివి. ఆ ఆగినంతసేపూ నేనూ అదే అడిగేదాన్ని. ఇద్దరం అడిగినా దేవుడు వినలేదు చూడు. మొండివాడు." నవ్వబోయి దగ్గింది. అక్క నీళ్లు తాగించింది. "మాస్టారికి మాత్రం ఇద్దరం అన్యాయం చేశాం అక్కా. నేను లేచి చెప్పలేను. నువ్వు చెప్పు."

నాలుగు రోజుల తరవాత, పొద్దున పదకొండింటికి, అక్క కింద మిషను మీద ఉండగా చెల్లెలు పోయింది. నర్సు మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. అక్క కుట్టు చివరిదాకా వేసి, దారం తెంపి, అప్పుడు లేచింది. అలా ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. తరవాత చాలా రోజులు ఆ అరనిమిషం ఆమెని కోసింది.

సమాధి దగ్గర పాస్టరుగారు, నిద్రించినవాళ్లు లేస్తారన్న నిరీక్షణ గురించి చెప్పాడు. చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. గుంటలోకి దించుతుంటే మాత్రం అక్కకి అది కొత్తగా వినిపించింది. చెల్లెలు లేస్తుంది. లేచి, నడిచి, తన ఎదురుగా వస్తుంది. ఆ పిల్ల ముందుగా ఏమంటుందో వినాలని ఆమెకి అంత దుఃఖంలోనూ ఆశ పుట్టింది. ఆ వెంటనే పాస్టరుగారు "ఈ అక్క చేసిన త్యాగం" అని మొదలుపెట్టాడు. గుంపు చివర, గొడుగు కింద, మాస్టారు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. నెరిసిన తల.

మర్నాడే అక్క పాస్టరుగారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆయన సగం విని, "దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా. మనల్ని మనం నిందించుకుంటాం" అని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపేశాడు. ఇక వేరే దారి లేదని తెలిసింది.

ఆదివారం ఆరాధనలో, ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ అక్క లేచింది. చెల్లెల్ని తలుచుకుని నాలుగు మాటలు చెబుతుందని అందరూ చేతిరుమాళ్లు తీశారు.

"మాస్టారు నా చెల్లెల్ని వద్దనలేదు," అంది.  "ముగ్గురం ఉందామన్నాడు. వద్దన్నది నేను. చెల్లి లేని ఇల్లు కావాలని నాకుండేది. ఆ మాట చెప్పలేక, ఆయన మీద అబద్ధం చెప్పాను. పదకొండేళ్లు మీరు ఆయన్ని అన్నవన్నీ నన్ను అనాల్సినవి." ఇంకేదో ఉందనుకుంది. లేదు. కూచుంది.

 మాస్టారు హార్మోనియం మీద చేతులు పెట్టాడు, తీశాడు. తరవాతి పాట వాయించలేకపోయాడు. అది వాద్యం లేకుండానే, తలా ఒక శ్రుతిలో సాగింది. ఆరాధన అయ్యాక ఎవరూ అక్క దగ్గరికి రాలేదు. మాస్టారి భార్య, ఆ టీచరు మాత్రం వచ్చింది. 

"ఆయన ఈ చర్చి మారిపోదామంటే నేనే వద్దన్నాను. తప్పు చెయ్యనప్పుడు పారిపోవడం ఎందుకని. ప్రతి ఆదివారం ఇంటికెళ్లి అన్నం తినేవాడు కాదు. మీకు అది తెలియాలి."

"చెప్పండి," అంది అక్క. "ఇంకా ఉంటే అవీ చెప్పండి."

"ఈ రోజుకి ఇది చాలు," అని టీచరు వెళ్లిపోయింది.

స్త్రీల సమాజానికి వేరే పెద్దని పెట్టుకున్నారు. కొందరు మాట మానేశారు. వాళ్ల మీద అక్కకి కోపం రాలేదు. పని నుంచి వచ్చి చెప్పులు విప్పేది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మంచం ఆసుపత్రికి ఇచ్చేసింది, అయినా గదిలోకి వెళ్తే దాన్ని చుట్టి నడిచేది. ముప్పై ఏళ్లు ఆశపడ్డ గంట ఇప్పుడు రోజుకి ఐదారు ఉన్నాయి. ఒక్కటీ గడిచేది కాదు.

రెండు నెలలకి పాస్టరుగారు వచ్చాడు. కుర్చీ అంచున కూచున్నాడు. ఆ రోజు సరిగ్గా విననందుకు క్షమించమన్నాడు. మాస్టారి దగ్గరికీ వెళ్లానని, ప్రసంగంలో తను చేసింది కూడా తక్కువ తప్పు కాదని చెప్పాడు. టీ తాగి, కప్పు కింద పెట్టి, అలవాటు ప్రకారం అడిగాడు. "మీ కోసం ఏమని ప్రార్థన చెయ్యమంటారమ్మా?"

 ఇన్నేళ్లలో అక్క తన కోసం అంటూ ఆ ప్రశ్నకి ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

"చనిపోయినవాళ్లు లేచే ఆ రోజు వస్తే చెల్లిని చూడాలని ఉందండి. అది దూరం. ఈలోగా ఏం కావాలో నాకు తెలియడం లేదు. కోరుకోవడమంటేనే భయంగా ఉంది. అదేదో దేవుణ్ణే చూసుకోమనండి."

పాస్టరుగారు కళ్లు మూసుకున్నాడు. మాటలకి ఎప్పుడూ తడుముకోని మనిషి, ఆ సాయంత్రం ఎంతకీ నోరు తెరవలేదు. అక్క కూడా కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన మొదలుపెట్టేదాకా కూచుంది.